మన ఇంటి రాళ్లు, వాటి మరకలు

మన ప్రాంతంలో రాయితో పని లేని ఇల్లు ఒక్కటి కూడ లేదు. పెద్దపంజాణి నుండి పుంగనూరు వైపు వెళ్లినా, మదనపల్లె దారి పట్టినా, పలమనేరు మీదుగా కుప్పం దిగినా రోడ్డుకు రెండు ప్రక్కలా గుండ్లు, గుట్టలే కనిపిస్తాయి. పాత ఇళ్లకు రాతి గోడలు, రాతి కూసాలు. వంటింట్లో రుబ్బురోలు, తిరగలి. బావి దగ్గర బట్టలుతికే బండ. మందిరానికి ఎక్కే మెట్లు రాయి. చివరకు సమాధుల తోటలో మన పేరు చెక్కేది కూడ రాతి మీదనే.

మన తాతల కాలంలో రాతి మీద మరక అంటే ఎవరూ దిగులు పడేవారు కాదు. అవి గరుకు బండలు. నాలుగు చెంబుల నీళ్లు పోసి, పొరకతో రుద్ది కడిగితే సరిపోయేది. ఇప్పుడు అలా కాదు. ఇల్లు కట్టుకునే ప్రతి కుటుంబం నేలకు, వంటగట్టుకు, గడపకు నునుపు పట్టిన బండలు వేయించుకుంటోంది. దానికోసం చెనక్కాయ పంట డబ్బు పోసినవారున్నారు, పాడి ఆవును అమ్మినవారున్నారు, అప్పు చేసినవారూ ఉన్నారు. అంత ఖర్చు పెట్టి వేయించిన బండ మీద గృహప్రవేశం నాడే నూనె ఒలుకుతుంది, లేక పసుపు పడుతుంది. వెంటనే ఎవరో ఒకరు ‘‘ఆసిడ్ పోసి రుద్దండి, పోతుంది’’ అని సలహా ఇస్తారు. మరక పోతుందో లేదో గాని, బండ మెరుపు మాత్రం పోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికి కూడ వస్తుంది.

అందుచేత ప్రియ పాఠకులారా, ముఖ్యంగా ఇల్లు చక్కబెట్టుకునే తల్లులారా, ఈ నెల ఇంటి రాళ్లను గూర్చి కొన్ని సంగతులు తెలుసుకుందాం. వీటిలో చాలా వాటికి పెద్ద ఖర్చు అక్కరలేదు. కొంచెం ఓపిక, కొంచెం తెలివిడి ఉంటే చాలు.

ముందు రాయి జాతి తెలుసుకోండి

మనుషులకు మందు ఇచ్చే ముందు డాక్టరుగారు జబ్బు ఏమిటో అడుగుతారు. రాయికైనా అంతే. మన ఇళ్లలో ఉండే రాళ్లను రెండు కుటుంబాలుగా చెప్పుకోవచ్చు.

మొదటిది గ్రానైట్ కుటుంబం. మన గుట్టలన్నీ ఈ జాతివే. భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం ఈ ప్రాంతపు మూల శిలలకు సుమారు 250 కోట్ల సంవత్సరాల వయస్సు ఉంది. కుప్పం ప్రాంతపు క్వారీల నుండి వచ్చే ఆకుపచ్చ ఛాయ గల రాయి ‘కుప్పం గ్రీన్’ అనే పేరుతో దేశవిదేశాల బజార్లకు చేరింది. మన ప్రాంతంలో దొరికే నల్ల రాయిని కూడ వ్యాపారులు బ్లాక్ గ్రానైట్ అంటారు. ఈ కుటుంబం గట్టిది. చింతపండు, నిమ్మరసం వంటి పులుపులు దీన్ని అంత త్వరగా ఏమీ చేయలేవు. అయితే దీనిలో కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. నూనె వాటిగుండా లోపలికి దిగుతుంది.

రెండవది సున్నపు కుటుంబం. కడప బండ, బేతంచెర్ల బండ, తాండూరు నాపరాయి, షాబాదు బండ, తెల్లటి పాలరాయి అన్నీ ఈ కుటుంబంలోవే. చూపుకు ఒకటి నలుపు, ఒకటి బూడిద రంగు, ఒకటి తెలుపు అయినా, అన్నిటి మూలపదార్థం కాల్షియం కార్బొనేట్. మనం సున్నం కాల్చుకునే రాయి కూడ అదే. పులుపు తగిలితే ఈ రాయి కరుగుతుంది. మదనపల్లె టమాటా పేరు తెలియనివారు లేరు గదా! ఆ టమాటా రసం కడప బండ వంటగట్టు మీద ఒక రాత్రి నిలిస్తే తెల్లవారేసరికి అక్కడ మెరుపు చచ్చి బూడిద రంగు మచ్చ మిగులుతుంది. చింతపులుసు, నిమ్మరసం, మజ్జిగ, మామిడికాయ ముక్కలు, వెనిగర్ అన్నీ అదే పని చేస్తాయి.

మీ ఇంటి బండ ఏ కుటుంబమో తెలియకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. ఎవరికీ కనబడని మూలన, లేక మిగిలిపోయిన ముక్క మీద రెండు చుక్కల నిమ్మరసం వేసి పది నిమిషాలు ఉంచి తుడవండి. సన్నగా నురగ వచ్చినా, ఆ చోట మెరుపు తగ్గినా అది సున్నపు రాయి. ఏ మార్పూ లేకపోతే గ్రానైట్ జాతి అనుకోవచ్చు. నల్ల గ్రానైట్ అని చెప్పి అమ్మే బండను కొనే ముందు కూడ ఒక ముక్క అడిగి తెచ్చుకుని ఇలా చూసుకోవడం మంచిది. దానితో పాటు గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌ను తెల్లటి గుడ్డకు అద్ది ఆ ముక్కను తుడిచి చూడండి. గుడ్డకు నలుపు అంటితే, ఆ నలుపు రాయి సహజ రంగు కాదు, పూసిన రంగు అని అర్థం.

రెండవ పరీక్ష నీటి చుక్క. బండ మీద ఒక స్పూను నీళ్లు పోసి పది నిమిషాలు చూడండి. నీరు ముత్యంలా నిలిస్తే బండ త్వరగా పీల్చుకోదు. క్రింద నల్లబడితే నీటినే కాదు, నూనెను కూడ పీల్చుకుంటుంది. అటువంటి బండకు కాపుదల ఎక్కువ అవసరం.

మరక వేరు, దెబ్బ వేరు

ఈ తేడా తెలియకనే చాలామంది రుద్దిందే రుద్ది బండను పాడు చేసుకుంటారు. మరక అంటే ఏదో పదార్థం రాయి లోపలికి దిగి కూర్చోవడం. అది చుట్టూ ఉన్న బండ కంటే ముదురుగా గాని, వేరే రంగులో గాని కనబడుతుంది. దాన్ని బయటికి లాగవచ్చు. దెబ్బ అంటే పులుపు గాని, ఆసిడ్ గాని రాయి పైపొరను తినివేయడం. అది చుట్టూ ఉన్న బండ కంటే వెలవెలబోయి, మెరుపు లేకుండా కనబడుతుంది. ఏటవాలుగా వెలుతురు పడినప్పుడు చూస్తే తేడా తెలిసిపోతుంది. దెబ్బ తిన్న చోట తీయడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే పోయింది రాయే. దానికి మరల పాలిష్ పట్టించడం ఒక్కటే దారి. కొందరు కొబ్బరి నూనె రాసి నల్లగా చేస్తారు. నాలుగు రోజులు బాగుంటుంది, తరువాత ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని మరింత అసహ్యంగా తయారవుతుంది.

ఆసిడ్ సీసా జోలికి పోవద్దు

బాత్‌రూం ఆసిడ్ అని అంగళ్లలో అమ్మేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బండలు పరచిన తరువాత అంటిన సిమెంటు వదలాలని కొందరు మేస్త్రీలు దీన్ని నేలంతా పోసి కడుగుతారు. కడప బండ అయితే పైపొర బుసబుస పొంగి పోతుంది. గ్రానైట్ అయితే బండ తట్టుకున్నా, బండకు బండకు మధ్యనున్న సిమెంటు తినివేయబడుతుంది. ఆ సందుల్లోంచి నీరు దిగి కొన్నాళ్లకు బండలు కదులుతాయి. రాతిలోని ఇనుము ఆసిడ్‌కు కదిలి, పసుపు, గోధుమ రంగు మచ్చలు తేలడం కూడ కద్దు. కనుక పని చేయించే రోజే మేస్త్రీకి చెప్పండి: సిమెంటు తడిగా ఉండగానే తడి స్పాంజితో తుడవాలి, గట్టిపడితే చెక్క ముక్కతో మెల్లగా గీకాలి, ఆసిడ్ మాత్రం వద్దు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. దయచేసి దీన్ని ఇంట్లో చదువు రాని పెద్దవారికి కూడ చదివి వినిపించండి. ఆసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎన్నడూ కలపకూడదు. ఒకటి పోసిన చోట వెంటనే రెండవది చల్లకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్రె దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలిన విషవాయువు ఇదే. తలుపులు మూసిన చిన్న స్నానాల గదిలో, వంగి నేల రుద్దుతున్న తల్లి ఊపిరితిత్తుల్లోకి అది పోతే ఎంత అపాయమో ఆలోచించండి. ఘాటైన వాసన వచ్చి, కళ్లు మండి, దగ్గు మొదలైతే పని అక్కడే వదిలి బయటి గాలిలోకి రావాలి. ఆయాసం తగ్గకపోతే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

ఆసిడ్ కంట్లో గాని, చర్మం మీద గాని పడితే వెంటనే మంచినీళ్లు పోసి కనీసం 15, 20 నిమిషాలు ఆపకుండా కడగాలి. పసుపు, సున్నం, నూనె పూయకూడదు. పిల్లలు త్రాగితే వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్లు పట్టించకూడదు. సీసాతో సహా ఆసుపత్రికి తీసుకుపోవాలి. మన ఇళ్లలో ఇలాంటి వాటిని కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి బావి గట్టున పెట్టే అలవాటు ఉంది. దాహం వేసిన పిల్లవాడికి అది మందు సీసా అని ఎలా తెలుస్తుంది? ఈ ఒక్క అలవాటు మానుకుంటే ఈ వ్యాసం చదివినందుకు ఫలితం దక్కినట్టే.

పట్టు వేసే పద్ధతి

తలనొప్పికి నుదుటి మీద పట్టు వేస్తాం, సెగ్గడ్డకు పిండికట్టు కడతాం. లోపలి బాధను బయటికి లాగాలనే కదా! రాతి మరకకు కూడ లోకమంతా వాడే మందు ఇదే. ఆగ్రాలోని తాజ్‌మహల్ పాలరాయి కాలుష్యంతో పసుపు పచ్చగా మారినప్పుడు, భారత పురావస్తు శాఖవారు 1994 నుండి పలుమార్లు దానికి ముల్తానీ మట్టి పట్టు వేసి, ఎండిన తరువాత శుభ్రమైన నీటితో కడిగారు. అంత గొప్ప కట్టడానికి పనికివచ్చిన పద్ధతి మన వంటగట్టుకు పనికిరాకుండా పోతుందా?

పద్ధతి ఇది. ముందు మరకను, దాని చుట్టూ కొంత మేర మంచినీటితో తడపండి. పీల్చే గుణం గల మెత్తటి పొడిని, ఆ మరకకు తగిన ద్రవంతో కలిపి గట్టి పెరుగులాగా చేయండి. వంటసోడా, టాల్కం పౌడరు, మెత్తటి సుద్దపొడి, ముల్తానీ మట్టి వీటిలో ఏదైనా సరే. తెల్లటి రాయికి తెల్లటి పొడి వాడటం క్షేమం. ఒక చదరపు అడుగుకు సుమారు అరకిలో పొడి పడుతుంది. మరక అంచు దాటి ఒక అంగుళం దూరం వరకు, పావు నుండి అర అంగుళం మందాన పరచండి. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, అంచులు అంటించి ఒక పగలు, ఒక రాత్రి వదిలేయండి. తరువాత కాగితం తీసివేసి పట్టును పూర్తిగా ఆరనివ్వండి. ఆరేటప్పుడే అది మరకను పైకి పీలుస్తుంది గనుక ఇక్కడ తొందర పనికిరాదు. ఎండిన తరువాత చెక్క గరిటెతో మెల్లగా ఎత్తి, కడిగి, పొడి గుడ్డతో తుడవండి. మరక పాతదైతే ఒక్కసారికి పోదు. మూడు, నాలుగు సార్లు వేయవలసి వస్తుంది. మొదటిసారికే కొంచెం తేలికపడిందంటే దారి సరైనదే.

ఏ మందైనా ముందు మూలన ఒక చిన్న చోట వేసి చూసుకున్న తరువాతనే నలుగురు చూసే చోట వేయాలి.

ఏ మరకకు ఏ విరుగుడు?

నూనె, నెయ్యి: ఒలికిన వెంటనే రుద్దకండి, రుద్దితే వెడల్పవుతుంది. గుడ్డతో అద్ది తీసి, పైన మైదా గాని టాల్కం పౌడరు గాని మందంగా చల్లి కొన్ని గంటలు వదిలేయండి. లోపలికి దిగిపోయి నల్లటి మచ్చ పడితే వంటసోడాను నీటితో కలిపి పట్టు వేయండి. మొండి మరకకు నీటికి బదులు అసిటోన్ కలపవచ్చు. అయితే అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. పొయ్యి ఆర్పి, కిటికీలు తెరచి, పిల్లలను దూరంగా ఉంచి వాడాలి.

కాఫీ, టీ, వక్కాకు ఉమ్మి, రాలిన ఆకులు, పండ్ల రసం: లేత రంగు రాయి అయితే మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పట్టు వేయవచ్చు. చేతులకు తొడుగులు వేసుకోండి. నల్ల బండకు ఇది వాడకూడదు, రంగు వెలిసిపోవచ్చు. నల్ల బండకు గోరువెచ్చని సబ్బు నీళ్లు, ఓపిక, ఇవే మందు. ఆరుబయట బండ మీది ఆకు మరకలైతే ఆకులు ఊడ్చివేస్తే చాలు, ఎండావానలే క్రమంగా వాటిని పోగొడతాయి.

పసుపు: సబ్బు తగలగానే పసుపు ఎర్రగా మారుతుంది. మరక ముదిరిందని భయపడకండి, సబ్బులోని క్షారం వల్ల వచ్చే రంగు మార్పు అది. పసుపు రంగుకు పెద్ద శత్రువు సూర్యుడు. ఎండ పడే చోటైతే కడిగి వదిలేయండి, కొన్ని రోజులకు దానంతటదే వెలిసిపోతుంది. ఎండ పడని చోట లేత రాయికి పెరాక్సైడ్ పట్టు వేయండి.

సిరా, బాల్‌పెన్ను గీతలు: నల్ల రాయి మీద అసిటోన్ అద్దిన దూదితో తుడవండి. లేత రాయికి పెరాక్సైడ్ పట్టు.

తుప్పు: ఇనుప బిందె, గ్యాస్ సిలిండరు, బీరువా కాళ్లు తడి బండ మీద నిలిస్తే నారింజ రంగు వలయం పడుతుంది. రాతి మరకలన్నిటిలో మొండిది ఇదే. తుప్పు వదలగొట్టే మందులు చాలావరకు ఆమ్లాలే గనుక కడప బండకు, పాలరాయికి అవి మరకను మించిన నష్టం చేస్తాయి. కాబట్టి రాకుండా చూసుకోవడమే తెలివి. సిలిండరు క్రింద రబ్బరు ముక్కో, చెక్క పీటో వేయండి. ఇనుప పీచుతో బండలు రుద్దవద్దు. దాని తునకలు సందుల్లో ఇరుక్కుని అక్కడే తుప్పు పడతాయి.

బోరు నీటి తెల్ల పొక్కు: మన ప్రాంతపు బోర్లలో చాలావాటి నీరు గట్టి నీరు. ఆరిన ప్రతిసారి ఒక పొర సున్నాన్ని వదిలిపోతుంది. గ్రానైట్ మీదనైతే నీళ్లు కలిపిన నిమ్మరసంలో గుడ్డ తడిపి ఐదు నిమిషాలు కప్పి ఉంచి, రుద్ది, బాగా కడగండి. కడప బండ మీద మాత్రం పులుపు వద్దు. ప్లాస్టిక్ ముక్కతో మెల్లగా గీకండి. కుళాయి చుట్టూ రాత్రి పడుకునే ముందు పొడిగుడ్డతో తుడిచే అలవాటు ఉంటే అసలు పొక్కు కట్టదు.

నేల నుండి ఉబికే తెల్లటి ఉప్పు: క్రొత్త ఇళ్లలో బండల సందుల నుండి తెల్లటి పొడి వస్తుంది. ఇది మరక కాదు, క్రింది తేమతో పాటు పైకి వచ్చిన లవణం. నీళ్లు పోసి కడిగితే కరిగి లోపలికి పోయి మళ్లీ వస్తుంది. పొడి బ్రష్షుతో ఊడ్చి ఎత్తివేయండి. తేమ ఎక్కడి నుండి వస్తోందో చూసి ఆ దారి మూయండి.

ప్రతిరోజూ చేయవలసినవి

మరక తీయడం కంటే మరక పడకుండా చూసుకోవడం సులువు. రోజూ కసువు చిమ్మడమే రాతి సంరక్షణలో మొదటి పని. కాళ్లతో వచ్చే ఇసుక రేణువులు గీతలు పెట్టి మెరుపును అరగదీస్తాయి. గడప బయట ఒక గోనెపట్టా వేస్తే సగం ఇసుక అక్కడే ఆగిపోతుంది.

తుడవడానికి మంచినీళ్లు, అప్పుడప్పుడు కొంచెం మెత్తటి సబ్బు నీళ్లు చాలు. బట్టల సోడా పొడి ఎక్కువ వేస్తే శుభ్రం ఎక్కువ అవుతుందనుకోవడం పొరపాటు. సరిగా కడగకపోతే అది పొరలాగా పేరుకుని బండను మసకబరుస్తుంది. గిన్నెలు తోమే పొడితో, ఇసుకతో నునుపు బండను రుద్దకూడదు. కడప బండ వంటగట్టు ఉన్నవారు చింతపండు గిన్నెకు, నిమ్మకాయలు కోయడానికి ఒక పళ్లెం గాని చెక్క పలక గాని వాడితే చాలు, ఏళ్ల తరబడి మెరుపు నిలుస్తుంది.

రాతిలోనికి ఇంకి కాపాడే సీలర్లు ఇప్పుడు పట్టణాల గ్రానైట్ అంగళ్లలో దొరుకుతున్నాయి. ఇవి నూనె, నీరు లోపలికి దిగడాన్ని ఆలస్యం చేస్తాయి, అంతేగాని పూర్తిగా ఆపవు. పులుపు దెబ్బ నుండి సున్నపు రాయిని కాపాడలేవు. నీటి చుక్క పరీక్షలో బండ నల్లబడితేనే వేయించండి. అవసరం లేని బండకు వేయిస్తే డబ్బు దండగ.

రోలు, తిరగలి

ఊరిబిండి రుచి తెలిసిన మన ఇళ్లలో రోలు ఇంకా సెలవు తీసుకోలేదు. క్రొత్త రోలు తెచ్చినప్పుడు, లేక పాత రోలుకు గంట్లు కొట్టించినప్పుడు రాతి పొడి వదులుతుంది. ముందు పీచుతో, నీళ్లతో బాగా కడిగి, తవుడో నూకలో వేసి రుబ్బి పారవేయాలి. రుబ్బిన పిండిలో నలుపు, గరగర పూర్తిగా పోయేవరకు నాలుగైదు సార్లు ఇలా చేసిన తరువాతనే తినే పదార్థం రుబ్బాలి. రోలుకు సబ్బు, ఆసిడ్, సీలర్ ఏదీ తగలనీయవద్దు. అది పీల్చుకున్నది మరునాడు మన పచ్చట్లోకి వస్తుంది. వేడినీళ్లు పోసి, పీచుతో రుద్ది, ఎండలో ఆరబెడితే చాలు.

మందిరం, సమాధుల తోట

రాతి కట్టడమంటే మన సంఘాలకు మెదక్ మందిరం గుర్తుకు వస్తుంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి ఆధ్వర్యంలో 1914లో మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన ఆ మందిరపు రాయి నూరేళ్లు దాటినా నిలిచే ఉంది. మన పల్లె మందిరాలు చిన్నవే, అయినా మెట్లు, నేల మనవే. క్రిస్మస్ ముందు గోడలకు సున్నం, రంగు వేసేటప్పుడు నేల బండల మీద పాత దుప్పట్లు పరచండి. పడిన చుక్కలను తడిగా ఉండగానే తుడవండి.

కొవ్వొత్తి మైనం కరిగి పడితే వేడిగా ఉండగా తుడవకండి. గట్టిపడనివ్వండి, మంచుగడ్డ పెడితే మరీ మంచిది. చెక్క ముక్కతో గీకితే పెళ్లగా లేచివస్తుంది. మిగిలిన జిడ్డుకు వంటసోడా పట్టు వేయండి. కిరోసిన్ పోస్తే మైనం పోయి నూనె మరక మిగులుతుంది.

ఈస్టర్‌కు ముందు చాలాచోట్ల సమాధుల తోటను బాగుచేస్తాం. పాత రాళ్ల మీద పాచి, బూజు పొరలు కడతాయి. అక్కడ ఇనుప బ్రష్షు, ఆసిడ్, బ్లీచింగ్ మూడూ వద్దు. రాతిని నీటితో బాగా నానబెట్టి, వెదురు ముక్కతో గీకి, పీచు బ్రష్షుతో క్రింది నుండి పైకి రుద్ది కడగండి. కదులుతున్న రాయిని, పెచ్చులూడుతున్న రాయిని రుద్దకండి. పేరు చెక్కిన రాతి మీద ఏటేటా సున్నం గాని పెయింటు గాని పూయడం ప్రేమతో చేసే పనే. కాని పొర మీద పొర చేరి అక్షరాలు పూడిపోతాయి. రెండు తరాల తరువాత అది ఎవరి సమాధో మనుమలకు తెలియదు. అరిగిపోయిన అక్షరాలు చదవాలంటే పొద్దుటి ఎండలో గాని, సాయంత్రం ఏటవాలు ఎండలో గాని చూడండి. చీకట్లో టార్చిలైటు ప్రక్కనుండి వేసినా నీడలు పడి అక్షరాలు తేలతాయి. చదివిన పేరు, తేదీ సంఘపు పుస్తకంలో వ్రాసి పెట్టండి. ఆ రాయి పోయినా పేరు పోదు.

రాయి కోసే చేతులు

చివరిగా ఒక్క మాట. మన బండలకు మెరుపు ఇచ్చినవారి రొమ్ములో ఆ రాతి దుమ్ము ఉండవచ్చు. గ్రానైట్‌లో పలుగురాయి పదార్థం, అంటే సిలికా ఉంటుంది. బండను పొడిగా కోసినప్పుడు లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తరబడి మచ్చలు కట్టిస్తుంది. ఆ వ్యాధి పేరు సిలికోసిస్. దాన్ని నయం చేసే మందు లేదు. పైగా అది ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం ఎక్కువ. మదనపల్లె ప్రక్కన ఆరోగ్యవరంలో 1915 నుండి డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ గారు, ఆ తరువాతివారు క్షయతో ఎంత పోరాడారో ఎరిగిన ప్రాంతం మనది. ఆ రోగాన్ని మన ఇంటి పని చేసే కూలీకి మనమే అంటించినట్లు కాకూడదు.

మీ ఇంట్లో బండలు కోయించే రోజు ఈ నాలుగు పనులు చేయండి. కోసే పని ఆరుబయట పెట్టించండి. కరెంటు షాకు కొట్టకుండా, తడిలో వాడటానికి తగిన మిషనుతోనే నీళ్లు పడుతూ కోయమనండి. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు. సన్నని దుమ్మును ఆపే ఎన్95 మాస్కు కొని ఇవ్వండి. పిల్లలను, గర్భిణీ స్త్రీలను, ముసలివారిని దూరంగా ఉంచి, దుమ్మును పొరకతో పొడిగా ఊడ్చక తడిపి ఎత్తండి. బండల ఖర్చుతో పోలిస్తే మాస్కు ఖర్చు ఎంత? రాతి పనిచేసేవారు ఎవరైనా చాలా రోజులుగా దగ్గు, ఆయాసంతో బాధపడుతుంటే, వయసు మీద పడిందని ఊరుకోక ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమని చెప్పండి. డాక్టరుగారికి తాము చేసే పని ఏమిటో తప్పక చెప్పమనండి.

రాయి మనకంటే ఎక్కువ కాలం బ్రతుకుతుంది. దానిమీద పడిన మరకకు తొందరపడి ప్రాణాలు పణంగా పెట్టనక్కరలేదు. ఈ రోజే బావి గట్టున, స్నానాల గదిలో ఉన్న సీసాలు ఒకసారి చూడండి. చీటీ లేనివి, ఏమిటో తెలియనివి ఉంటే ఒకదానిలో ఒకటి కలపక, పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి. తరువాత నిదానంగా నిమ్మకాయ ఒకటి తీసుకుని మీ బండ ఏ జాతిదో చూసుకోండి.